దాకా అన్న మాట

నేను ఒక వాక్యానికి తప్పు అర్థం చెప్పాను. తెలియక కాదు, తెలిసే చెప్పాను. అడిగిన మనిషి కళ్లను పూర్తిగా మూసేసే పెట్టెలాంటిది ఒకటి తలకు బిగించుకొని, నా మాట కోసం చెవి ఇటు పెట్టి నిలబడి ఉంది. నేను చెప్పింది నమ్మి, చెప్పినట్టే చేసింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. అందులో కూడా ఆ రోజు పేజీలో "తలనొప్పి, తొందరగా పడుకున్నాను" అనే ఉంది.

ఆ మనిషి మా వదిన.

మాది కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టరు. రెండు గదులు, వంటగది, వెనక రేకుల కింద బట్టలు ఉతుక్కునే జాగా. నాయిన బాయి లోపల పని చేస్తాడు. అన్న హైదరాబాదులో గేములు పరీక్షించే ఒక చిన్న ఆఫీసులో ఉన్నాడు. ఎక్కడో ఎవరో తయారు చేసిన గేములు వాళ్ల దగ్గరికి వస్తాయి. వీళ్లు ఆడి చూసి, ఆడే మనిషి ఎక్కడ తడబడుతున్నాడో, ఎక్కడ విసుక్కుంటున్నాడో రాసి పంపాలి. నేను డిగ్రీ అయిపోయి, బి.ఎడ్. ఎంట్రన్స్‌కు చదువుతున్నానని ఇంట్లో చెప్పి, ఆ పుస్తకం మధ్యలో కథల పుస్తకం పెట్టుకొని చదువుతుండేదాన్ని.

చిన్నప్పుడు నాయిన పాత బాయి టోపీ ఒకటి ఇంట్లో పడి ఉండేది. ముందు దీపం తగిలించే కొక్కెం, వెనక పట్టీ తెగిపోయి ఉండేది. అన్న, నేను మంచం అడ్డంగా తిప్పి, దాని మీద దుప్పటి కప్పి, అంతరిక్ష నౌక చేసేవాళ్లం. టోపీ పెట్టుకున్నవాళ్లే బయట గ్రహం మీదికి దిగాలి. అన్న ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు. నేను దిగి, వాకిట్లో నాలుగు అడుగులు వేసి వచ్చి, ఏం చూశానో చెప్పాలి. నీలం ఇసుక, ఈత కొట్టే కొండలు, మనుషుల పేర్లతో అరిచే పక్షులు. ఎదురింటి కోళ్లను చూసి ఇన్ని చెప్పేదాన్ని. అన్న దుప్పటి కింద నుంచి "ఇంకా? ఇంకా ఏముంది?" అని అడిగేవాడు. నా జీవితంలో నన్ను అంతగా అడిగిన మనిషి ఇంకొకరు లేరు. బయట నేను నోరు విప్పని పిల్లని. "నిజమైన టోపీ దొరికితే ముందు నీకే," అనేవాడు.

దొరికింది. అన్న పెళ్లయిన మూడు నెలలకు, తొమ్మిది రోజులు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో అడిగి, తలకు బిగించుకుంటే వేరే లోకం కనిపించే వీఆర్ సెట్టు బ్యాగులో పెట్టుకొని వచ్చాడు. హైదరాబాదులో కిరాయి ఇల్లు దొరికింది, ఆదివారం పొద్దున వదినను తీసుకొని పోవాలి. ఆ సెట్టు సోమవారం ఆఫీసులో తిరిగి ఇవ్వాలి. మధ్యలో ఈ గేము ఆఖరు వరకు ఆడించి, రిపోర్టు రాయాలి. ఎప్పుడూ గేములు ఆడనివాళ్లతోనే ఆడించాలట.

మాట తప్పలేదు. ముందు నాకే పెట్టాడు. తల వెనక పట్టీ బిగించి, నా పేరు టైపు చేసి, రెండు చేతుల్లో రెండు రిమోటులు పెట్టాడు. నల్లటి చీకటి ఒక్క క్షణం. తర్వాత మా ముందు గది లేదు. నేను ఒక నౌకలో ఉన్నాను. ఎదురుగా అద్దం, అద్దం బయట ఊదారంగు అడవి, దాని మీద రెండు చందమామలు. తెర కింద అక్షరాలు వచ్చాయి. నన్ను పేరు పెట్టి పిలిచి, మేలుకో అంటున్నాయి. ఇన్నేళ్లు చదివిందంతా, దుప్పటి కింద చెప్పిందంతా, వచ్చి నా ముందు నిలబడింది. నేను ఒక్క అడుగు వేశాను. నేల జారింది. నాలుగు నిమిషాలు ఉన్నానేమో. సెట్టు లాగేసి, బట్టలు ఉతికే జాగాకు పరుగెత్తి కక్కుకున్నాను.

"కొందరికి పడదు చెల్లె. బస్సు పడనట్టు," అన్నాడు అన్న. "బలవంతం చెయ్యకు."

వదిన వచ్చి నిమ్మకాయ గీకి నా ముక్కు దగ్గర పెట్టింది. "అడవి రోడ్డు మీద మా ఊరు పోయే బస్సుల అందరం గిట్లనే పోతం. కండ్లు మూసుకొని వాసన పీల్చు," అంది. అంత మంచిగా చూసుకున్నందుకు కూడా నాకు కోపం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు ఎవరికీ చెప్పకుండా మళ్లీ పెట్టుకున్నాను. కుర్చీలో కూచొని, కదలకుండా. ఆరు నిమిషాలు. అన్నం మొత్తం పోయింది. చేతులు కడుక్కొని వచ్చేసరికి అన్న లేచి, కంప్యూటరులో నా పేరు చెరుపుతున్నాడు. ఒక్కొక్క అక్షరం వెనక్కి పోయింది. దాని జాగాలో వదిన పేరు పడింది.

వదినది గోదావరి అవతల, అడవి అంచున ఒక చిన్న ఊరు. పెళ్లికి ముందు రెండేళ్లు భద్రాచలంలో దవాఖానాలో రక్తం తీసే గదిలో పని చేసింది. కథల పుస్తకం ఒక్కటి చదివిన మనిషి కాదు. నా అలమారా చూసి, "ఇవన్ని పరీక్షకేనా?" అని అడిగింది. అట్లాంటి మనిషి ఆ నౌకలో అడుగుపెట్టి, జారకుండా, తూలకుండా, మా వంటగదిలో తిరిగినట్టు తిరిగింది.

గేము కథ ఇది: ఆడేవాళ్లు నౌకను బాగుచేసే పనివాళ్లు. మేలుకునేసరికి మిగతావాళ్లంతా నౌక దిగి, అడవిలోకి వెళ్లి కనపడకుండా పోయి ఉంటారు. తోడుగా గుండ్రటి చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. అది మాట్లాడుతూ దారి చూపిస్తుంది. ఏడు అధ్యాయాలు దాటితే, వాళ్లంతా ఎక్కడికి పోయారో తెలుస్తుంది. ఆ చివరి చోటు ఎట్లా ఉంటుందో అన్న కూడా చూడలేదు, ఎవరూ చెప్పకూడదని ఆఫీసులో మాట.

వదినకు కళ్లద్దాలున్నాయి. వాటి మీద సెట్టు పెడితే ముక్కు నొక్కుతుంది, తీసేస్తే లోపల కింద వచ్చే అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకని అన్న ఒక ఏర్పాటు చేశాడు. లోపల వదిన చూసేది మా టీవీలో కూడా కనిపించేట్టు కలిపాడు. శబ్దం మాత్రం సెట్టులోనే వస్తుంది. నేను టీవీ ముందు కూచొని, కింద వచ్చే ఇంగ్లీషు చదివి, తెలుగులో చెప్పాలి. "నీ అంత మంచిగ ఎవరు చెప్తరు," అన్నాడు. ఒకప్పుడు టోపీ పెట్టుకొని గ్రహం మీదికి దిగినదాన్ని, ఇప్పుడు దుప్పటి కింద మిగిలినదాన్ని అయ్యాను.

చెప్పడం మాత్రం మనసు పెట్టి చెప్పాను. ఎంత కుళ్లు ఉన్నా వాక్యం దగ్గరికి వస్తే నాకు వంకర పని చేతకాదు, ఆ శనివారం వరకు.

రెండో అధ్యాయంలో ఆ చిన్న యంత్రం దెబ్బతిని పడిపోతుంది. దాని పొట్ట తెరిచి, సన్నని తీగ ఒకటి ఏడు రంధ్రాల్లోంచి దూర్చాలి. చెయ్యి వణికితే మళ్లీ మొదటికి. అన్న ఆఫీసులో నాలుగుసార్లు ఓడిపోయాడట. వదిన యంత్రం పక్కన కూచుంది. అంటే మా ముందు గదిలో చాప మీద కూచుంది. గాలిలో చేతులు పెట్టి, "అయిపాయె బిడ్డా, అయిపాయె, చీమ కుట్టినట్టే ఉంటది, అటు సూడు, మీ అమ్మ దిక్కు సూడు," అనుకుంటూ ఒక్కసారికే ఏడూ దూర్చేసింది.

అన్న చప్పట్లు కొట్టాడు. "ఎట్ల చేసినవే?"

"నెలల పిలగాండ్ల చేతులల్ల నరం వెతికిన. దీనిది ఏంది, ఇంత లావుంది."

యంత్రం లేచి, కన్ను వెలిగించి, వదిన పేరు పెట్టి థ్యాంక్స్ చెప్పింది. అది కూడా నేనే చదివి చెప్పాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా మండింది ఇంకొకటి. అన్నీ చూసి బయటికి వచ్చి, ఆమె ఏమీ చెప్పేది కాదు. ఊదా అడవి, గాలిలో తేలే రాళ్లు, చెట్ల లోపల వెలిగే నీళ్లు. సెట్టు తీసి, మొహం తుడుచుకొని, "మంచిగుంది," అనేది. అంతే. నేనైతే నాలుగు పేజీలు రాసి ఉండేదాన్ని. "ఇంకా? ఇంకా ఏముంది?" అని అన్న అడిగేవాడు, అదే గొంతుతో, దుప్పటి కింద నుంచి అడిగినట్టే. వదిన నవ్వి, "ఉప్మాల ఉప్పు ఎక్కువైంది పొద్దున, ఎవ్వరూ చెప్పరేంది?" అని వంటింట్లోకి పోయేది. ఆకలైనవాళ్ల ముందు అన్నంలో చెయ్యి కడిగేసినట్టుండేది నాకు.

మంగళవారం నాయిన మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, నాకూ పెట్టండి అన్నాడు. అప్పుడు వదిన నాలుగో అధ్యాయంలో ఒక గుహ ముందు ఆగి ఉంది. నాయిన సెట్టు పెట్టుకొని, గుహలోకి ఒక అడుగు వేసి, ఆగిపోయాడు. తల ఎత్తి పైకి చూశాడు. బాయి లోపల కొత్త చోటికి పోతే కప్పును కర్రతో కొట్టి, శబ్దం వినకుండా ఎవ్వరూ అడుగు ముందుకు వెయ్యరు. గట్టి రాయి ఒక తీరు, ఊడిపోయే రాయి ఒక తీరు మోగుతుంది. నాయిన కుడిచెయ్యి ఎత్తి, రిమోటుతో గుహ కప్పును కొట్టాడు. అది పోయి మా అటక చెక్క తలుపుకు తగిలింది. మళ్లీ కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు.

"డొల్ల మోగుతున్నది. ఎవ్వరు లోపలికి పోవద్దు. బయటికి రాండ్రి, జల్దీ," అన్నాడు, నిజంగానే.

అమ్మ వంటగదిలోంచి గరిటెతో వచ్చింది. "అది మన అటక! మీద నా ఇత్తడి బిందెలున్నయి! పగలగొడతవా ఏంది?"

వదిన చాప మీద పడి నవ్వింది. నాయిన సెట్టు తీసి, సిగ్గుపడి, తనూ నవ్వాడు. ఇరవై రెండేళ్లలో నాతో కలిసి నాయిన అట్లా నవ్వింది నాకు గుర్తు లేదు. ఆ మాట డైరీలో రాసుకున్నాను, కింద గీత గీసి.

బుధవారం సాయంత్రం వెనక రేకుల కింద ఇద్దరం బట్టలు పిండుతున్నాం. ఉన్నట్టుండి వదిన అడిగింది.

"పెండ్లినాడు నువ్వెందుకు రాలే, గడప కాడికి?"

మా దిక్కు కొత్త కోడలు అడుగుపెట్టే ముందు ఆడబిడ్డ గడప మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడుతుంది. పెళ్లికూతురు మొగుడి పేరు, పెళ్లికొడుకు పెళ్లాం పేరు చెప్తే గాని లోపలికి రానివ్వదు. చెప్పకపోతే ఏడిపించాలి, అందరూ నవ్వాలి. సొంత ఆడబిడ్డను నేనొక్కదాన్నే. అంతమంది ముందు చెయ్యి అడ్డం పెట్టి గట్టిగా మాట్లాడటం నా వల్ల కాలేదు. వంటగదిలో బియ్యం బస్తాల వెనక కూచొని, పుస్తకం తీసుకున్నాను. మా చిన్నమ్మ కూతురు ఆ పని చేసింది.

"తలనొప్పి ఉండె," అన్నాను.

"నేను పేరు ఎట్ల చెప్పాల్నో నేర్చుకొని వచ్చిన ఎరికేనా? కార్ల కూసొని దారి పొడుగునా లోపల్లోపల అనుకుంట వచ్చిన. ఆడబిడ్డ ఆపుతది, ఆమె మొహం సూసి చెప్పాలె అని. తీరా సూస్తే ఎవ్వరో పిల్ల. నువ్వు లేవు." చీర ఒక కొన నాకిచ్చి, రెండో కొన తను పట్టుకొని మెలిపెట్టింది. "నేను నచ్చలేదేమో అనుకున్న."

నా కొన నేనూ మెలిపెట్టాను. నీళ్లు కారుతున్నాయి.

మళ్లీ తనే అంది. "ఆ గేముల తల వంచి సూస్తే నేను ఉండ మరదలా. కాళ్లు లేవు, పొట్ట లేదు. ఉత్త చేతులే, గాలిల. నాకు నవ్వొచ్చింది. మీ ఇంటికి వచ్చిన కొత్తల అచ్చం గిట్లనే ఉండె. అన్నం వండే చేతులు, బట్టలుతికే చేతులు. మిగిలిందంత యాడుందో తెల్వకపోయేది."

నేను పిండే చీర ఆగిపోయింది. ఇంత చదివి, ఇన్ని డైరీలు నింపి, ఆ ఆరు నిమిషాల్లో నాకూ కాళ్లు కనపడలేదు. నేనూ తల వంచి చూశాను. నాకు ఈ మాట రాలేదు. ఆ రోజు డైరీలో ఆ వాక్యం రాసుకున్నాను. "ఉత్త చేతులే, గాలిలో" అని. ఎవరు అన్నారో రాయలేదు. నాదే అన్నట్టు రాసుకొని, పేజీ తిప్పేశాను. ఆమె మాటలు లేని మనిషి అనుకున్నప్పటి కుళ్లు వేరు. ఉన్నాయని తెలిసినప్పటిది వేరు. మొదటిది నిద్ర పట్టనిచ్చింది.

శనివారం సాయంత్రానికి వదిన ఏడో అధ్యాయంలో ఉంది. మర్నాడు పొద్దున్నే బస్సు. సామాను సగం సర్దారు. ముందు గదిలో రెండు సూట్‌కేసులు, పచ్చళ్ల డబ్బాలు, వదిన వాళ్ల ఊరి నుంచి వచ్చిన ఇప్పపువ్వు మూట. వాటి మధ్య కొంచెం జాగా చేసుకొని వదిన నిలబడి ఆడుతోంది. అంతకుముందు ఎప్పుడూ లేనిది, ఆ రోజు ఆమెకు ఆత్రం పట్టుకుంది. "అయ్యేదాక తింటానికి పిలవకుండ్రి," అంది అమ్మతో. "ఆ మనుషులంత యాడికి పోయిన్రో సూసి పోత. లేకుంటే హైదరాబాదుల గూడ అదే మనాది ఉంటది నాకు."

గంటన్నర ఆడింది. ఈ అధ్యాయంలో మధ్యలో ఎక్కడా దాచుకునే వీలు లేదు, పోతే మొత్తం పోతుందని అన్న ముందే చెప్పాడు. పోతే మళ్లీ ఆడే టైము కూడా లేదు, భోజనాలు కాగానే సెట్టు ప్యాక్ చెయ్యాలి. చివరికి యంత్రం ఒక పెద్ద తలుపు దగ్గర ఆపింది. రాతి తలుపు, మధ్యలో ఎర్రగా వెలిగే లైటు. తలుపు సందులోంచి వెలుతురు. నీళ్ల చప్పుడు, మాట్లాడుకుంటున్న గొంతులు అని కింద అక్షరాలు. ఆ నౌకవాళ్లవే. వదిన తలుపు మీద చెయ్యి పెట్టింది.

"వినపడుతున్నరా? లోపలే ఉన్నరు," అంది. గొంతులో ఏడుపో నవ్వో తెలియడం లేదు. అన్న లేచి నిలబడ్డాడు. "పో పో," అన్నాడు. ఆ "పో పో" నాకు తెలుసు. నేను టోపీ పెట్టుకొని వాకిట్లోకి దిగేటప్పుడు అనేవాడు.

యంత్రం ఏదో చెప్పింది. కింద అక్షరాలు వచ్చాయి.

"ఏమంటున్నది?" వదిన అడిగింది.

లైటు తెల్లగా మారేదాకా తలుపు తెరవవద్దు. అదే రాసి ఉంది. కష్టమైన మాట ఒక్కటి కూడా లేదు. మధ్యలో ఒకటే చిన్న మాట మీద మొత్తం నిలబడింది. దాకా. దాన్ని నోటి వరకు తెచ్చుకొని మింగేశాను.

"లైటు తెల్లగా మారితే తెరవొద్దంట," అన్నాను.

"గట్లనా? అయితే ఇప్పుడే తెరవాలె."

ఒక్క క్షణం ఆగింది. తల కొంచెం నా వైపు తిప్పింది, కళ్లు లేవు కదా, ఆ నల్ల పెట్టె నా వైపు తిరిగింది. ఇంకా చెప్పవచ్చు. ఆగు వదినా అనొచ్చు. నేను గడప మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు కూచున్నాను. పెళ్లినాడు చేతకానిది, ఆ రోజు చేతనైంది.

వదిన తలుపు లాగింది. లోపలి నుంచి గాలి విసిరికొట్టింది. తెర ఎర్రబడి, నల్లబడింది. మళ్లీ అక్షరాలు వచ్చాయి. ఆమె పేరు పెట్టి పిలిచి, మేలుకో అంటున్నాయి. ఏడో అధ్యాయం మొదలు.

వదిన సెట్టు తీసింది. కళ్ల చుట్టూ గుండ్రంగా ఎర్రటి అచ్చు పడి ఉంది. చేత్తో తడుముకొని, కళ్లద్దాలు వెతికి పెట్టుకుంది.

"ఎర్రగ ఉండంగ ఎట్ల తెరిచినవే?" అన్నాడు అన్న. ఆ అక్షరాలు వచ్చినప్పుడు అతను టీవీ చూడలేదు, నా మాటా చెవిన వేసుకోలేదు, వదిననే చూస్తున్నాడు. "అక్కడ రాసి ఉంటది గదా!"

నేను మా చాప గళ్లు చూస్తున్నాను. వదిన నన్ను చూసిందో లేదో తెలియదు.

"నేనే తప్పు సూసిన. కళ్లద్దాలు లేవు గదా," అంది. "పోనీ. అత్తా, అన్నం పెడదామా?"

నా దగ్గర టీవీ ఉంది, ఇంగ్లీషు ఉంది, తెలుగు ఉంది. ఆమె చూడటం ఏంటి, చెప్పింది నేను కదా అని అన్నకు తోచనే లేదు. కంప్యూటరు తీసి, రిపోర్టులో రాసుకుంటూ, రాసింది పైకి చదివాడు. తలుపు దగ్గర వాక్యం ఆడేవాళ్లకు సరిగ్గా అర్థం కావడం లేదు, మార్చి రాస్తే మంచిది అని. ఏ దేశంలోనో ఎవరో ఆ మంచి వాక్యాన్ని, ఏ తప్పూ లేనిదాన్ని, నా వల్ల తిరగరాసి ఉంటారు. నా రాత ప్రపంచంలోకి పోవడం అంటూ జరిగితే, అట్లా జరిగింది.

అన్నాల దగ్గర వదిన మామూలుగానే ఉంది. నాకు నెయ్యి తనే వేసింది. నేను ఒక సంగతి మర్చిపోయానని, గిన్నెలు కడిగేటప్పుడు తెలిసింది నాకు. యంత్రం అక్షరాలు మాత్రమే చూపించదు. నోటితో చెప్తుంది కూడా. లోపల వదిన చెవుల్లో, నిదానంగా, ప్రతి వాక్యం. రెండేళ్లు దవాఖానాలో పరీక్షల మిషన్ల మీద ఇంగ్లీషు చూసుకుంటూ పని చేసిన మనిషి. అన్ని రోజులూ అర్థం చెప్పమని నన్ను ఎందుకు అడిగిందో, తెల్లగా మారేదాకా అన్న మాట ఆమెకు వినపడిందో లేదో, వినపడితే ఎవరి మాట మీద తలుపు లాగిందో. గిన్నె మీద గిన్నె పెడుతూ ఇదే లెక్క పెట్టుకున్నాను.

తర్వాత లోపలికి పోయి, తలనొప్పి అని డైరీలో రాశాను.

పొద్దున్నే బస్టాండుకు నేనూ పోయాను. నాయిన షిఫ్టుకు పోయాడు, అమ్మ వాకిట్లోనే ఏడ్చి ఆగిపోయింది. హైదరాబాదు బస్సు వచ్చి నిలబడింది. అన్న పైన సామాను పెట్టిస్తున్నాడు. వదిన కిటికీ దగ్గర కూచుంది. ఇప్పపువ్వు మూట ఒళ్లో పెట్టుకుంది. నేను కింద, కిటికీ కడ్డీ పట్టుకొని.

చెప్పేద్దామనుకున్నాను. దారంతా వాక్యం సరిచేసుకుంటూ వచ్చాను, ఆమె కారులో పేరు నేర్చుకుంటూ వచ్చినట్టు.

"వదినా, నిన్న ఆ తలుపు కాడ..."

డ్రైవరు ఇంజను వేశాడు. కడ్డీ వణికింది. కండక్టరు "జరుగమ్మా, జరుగు," అన్నాడు. నేను కడ్డీ వదల్లేదు. నేను ఏం చెప్పబోతున్నానో ఆమె అడగలేదు. కళ్లద్దాలు పైకి తోసుకొని, నా మొహం పూర్తిగా కనిపించేట్టు కిటికీలోంచి వంగింది. బడిపిల్లకు పాఠం చెప్పినట్టు, ఒక్కొక్క మాట విడివిడిగా, నవ్వు ఆపుకుంటూ అంది.

"మేం ఇల్లు సర్దుకునేదాకా రావొద్దు మరదలా. సర్దుకుంటే రావొద్దు గాదు. సర్దుకునే-దాకా. ఈసారి మంచిగ విను."